మేనరికాల లెక్క తీయించిన దొర

నరసరావుపేట పక్కన గానీ, మాచర్ల, గురజాల వైపు గానీ ఆడపిల్ల పుడితే పురిటి మంచం దగ్గరే వరస కలిపేస్తారు. నా కోడలు పుట్టిందని మేనత్త మురిసిపోతుంది. పొలం బయటికి పోదు, పిల్ల కళ్లెదురుగా ఉంటుంది, కట్నం దగ్గర పట్టింపులుండవు... మేనరికానికి చెప్పే కారణాలు ఇవే. అలా పెళ్లిళ్లయి పండంటి పిల్లలు పుట్టిన ఇళ్లే ఎక్కువ, కాదనలేం. అయితే ఎక్కడో ఒక ఇంట్లో ఆరో నెల దాటిన పసివాడు పాలిపోవడం మొదలుపెడతాడు. రక్తం ఎక్కించాలంటారు. నెల తిరక్కుండానే మళ్లీ ఎక్కించాలంటారు. జబ్బు పేరు తలసీమియా అని తేలుతుంది. ఆ రోజు నుంచీ వేళ్లన్నీ తల్లి వైపే చూపిస్తాయి. దోషం ఆమె కడుపులోనే ఉందంటారు.

ఇంకో చిత్రం చూడండి. ఇదే జబ్బున్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. రెండోవాడు ఎప్పుడో ఒకసారి ఎక్కించుకుని మామూలుగా బడికి వెళ్లొస్తుంటాడు. జబ్బూ అదే, జన్యువులో లోపమూ అదే. మరి ఈ తేడా ఎక్కడిది? దీనికీ తల్లి పెంపకాన్నే కారణంగా చూపించేవాళ్లున్నారు.

ఈ రెండు ప్రశ్నల దగ్గరా తొలి అడుగులు వేసినవారిలో ఒక ఇంగ్లీషు దొర ఉన్నాడు. భారీ మనిషి, బట్టతల, గుబురు మీసాలు, ముక్కు మీద కోపం. జె.బి.ఎస్. హాల్డేన్ అంటే సైన్సు చదివినవాళ్లకి కొత్త పేరు కాదు. మన తెలుగు గడ్డతో ఆయనకున్న బంధం మాత్రం చాలామందికి తెలియదు.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డులో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శాస్త్రవేత్త. గనుల్లో కూలీల ప్రాణాలు తీసే వాయువుల మీద పరిశోధన చేసేవాడు. ఆయన పద్ధతి వింటే ఇప్పటి తల్లులు హడలిపోతారు! కొడుకుని వెంటబెట్టుకుని గనిలోకి దిగి, వాయువు నిండిన చోట నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలో మాటలు అప్పజెప్పమన్నాడట. నాలుగు ముక్కలు చెప్పేసరికి కుర్రాడికి ఊపిరాడక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. ఆ వాయువు గాలికన్నా తేలిక కాబట్టి పైనే ఉంటుంది, నేల మీద గాలి బాగానే ఉంటుంది. పడ్డ పిల్లవాడికి మళ్లీ ఊపిరి అందింది. ఆ పాఠం జన్మలో మరిచిపోలేదు. పెద్దయ్యాక తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకునే అలవాటు అలా అబ్బింది. ఒత్తిడి గదుల్లో కూర్చుని కర్ణభేరి చిల్లులు పడేలా చేసుకున్నాడు. వెన్నుపూస దెబ్బతింది.

చెల్లెలు నవోమీ అన్నకన్నా అయిదేళ్లు చిన్నది. గినీపందుల్ని పెంచేది. వాటికి పుట్టే పిల్లల రంగులు, బొచ్చు తీరు చూస్తూ అన్నాచెల్లెళ్లిద్దరూ వంశపారంపర్యం గుట్టు పట్టుకునే పనిలో పడ్డారు. తర్వాత ఎలుకల మీదకి మారారు. కొన్ని లక్షణాలు జంటగానే పిల్లలకి వస్తాయని ఎలుకల్లో చూపించిన వ్యాసం 1915లో అచ్చయింది. దాని మీద మూడు పేర్లున్నాయి. అన్నది, చెల్లెలిది, స్ప్రంట్ అనే స్నేహితుడిది. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. స్ప్రంట్ అందులోనే ప్రాణాలు కోల్పోయాడు. హాల్డేన్ కూడా యుద్ధంలోనే ఉన్నాడు. మెసపొటేమియాలో గాయపడితే కోలుకోవడానికి ఇండియా పంపారు. ఈ దేశం మీద మనసు పడింది అప్పుడే. నవోమీ తర్వాతి కాలంలో నవోమీ మిచిసన్ పేరుతో పెద్ద రచయిత్రి అయింది. నూరేళ్లు దాటి బతికి 1999లో పోయింది.

యుద్ధం తర్వాత హాల్డేన్ కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ చెప్పేవాడు. అక్కడే ఓ పెద్ద గొడవ జరిగింది. షార్లెట్ అనే పత్రికా రచయిత్రి తన నవల కోసం సైన్సు సంగతులు అడగడానికి వచ్చింది. ఇద్దరికీ మనసులు కలిశాయి. ఆమెకి అప్పటికే పెళ్లయింది, ఓ కొడుకు కూడా. ఆ రోజుల్లో ఇంగ్లండులో విడాకులు రావాలంటే వ్యభిచారం రుజువు కావాలి. ఇద్దరూ ఒక హోటల్లో గది తీసుకుని, డిటెక్టివ్ కంట పడేలా ఏర్పాటు చేసుకున్నారు! విడాకులైతే వచ్చాయి గానీ, విశ్వవిద్యాలయం నీతి తప్పాడంటూ హాల్డేన్‌ని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆయన ఊరుకోలేదు. అప్పీలు చేసి గెలిచాడు. 1926లో పెళ్లి చేసుకున్నారు. ఆ కాపురం దాదాపు ఇరవయ్యేళ్లు నడిచింది. 1945లో విడిపోయి, తన దగ్గర చదువుకున్న జన్యుశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేని చేసుకున్నాడు.

జూలియా బెల్‌తో కలిసి

హాల్డేన్ పనిలో మన కథకి ముఖ్యమైన భాగం లండన్ యూనివర్సిటీ కాలేజీలో మొదలవుతుంది. అక్కడ జూలియా బెల్ అనే డాక్టరు ఉండేది. ఈమె గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. కేంబ్రిడ్జిలో లెక్కలు చదివింది గానీ, అప్పట్లో ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకి డిగ్రీ ఇచ్చేది కాదు. డబ్లిన్ వెళ్లి పట్టా పుచ్చుకుంది. ఆ తర్వాత వైద్యం చదివింది. కుటుంబాల్లో తరతరాలుగా వస్తున్న జబ్బుల వంశవృక్షాలు ఓపిగ్గా సేకరించడమే ఆమె పని. ఆమె వివరాలు, హాల్డేన్ లెక్కలు కలిసి 1937లో ఓ సంగతి తేలింది. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జబ్బు, రంగులు పోల్చలేని లోపం, ఈ రెండింటి జన్యువులూ ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటాయని. మనుషుల్లో రెండు జన్యువుల మధ్య దూరం అంచనా వేసిన తొలి పని ఇదే అంటారు.

బెల్ సేకరించిన వాటిలో హంటింగ్టన్ జబ్బున్న కుటుంబాలు కూడా ఉన్నాయి. ఈ జబ్బులో కాళ్లూ చేతులూ వశం తప్పుతాయి, మతి చెడుతుంది. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ చెడ్డ జన్యువు ఒక్కటి వచ్చినా చాలు. విచిత్రం ఏమిటంటే, ఒకే చెడ్డ జన్యువు ఒకరికి ఇరవై ఏళ్లకే పైకి తేలుతుంది. మరొకరికి యాభై దాటాక గానీ బయటపడదు. హాల్డేన్ ఆ వయసులన్నీ ముందు పెట్టుకుని లెక్కలు కట్టాడు. తలిదండ్రులకీ పిల్లలకీ మధ్య ఎంత పోలిక, తోబుట్టువుల మధ్య ఎంత పోలిక? 1941లో వెలువడిన ఆ వ్యాసంలో ఆయన వేసిన ప్రశ్న ఇది: జబ్బు తెచ్చే అసలు జన్యువు పాలు ఎంత, దాని వేగం పెంచే లేదా తగ్గించే పక్క జన్యువుల పాలు ఎంత? చేతిలో కాగితం, పెన్సిలు తప్ప ఏమీ లేని రోజుల్లో ఇలా అడగడం మామూలు సంగతి కాదని నా అభిప్రాయం. జన్యువు అంటే ఏ పదార్థమో కూడా అప్పటికి రుజువు కాలేదు మరి.

మలేరియాకీ తలసీమియాకీ లంకె

మధ్యధరా సముద్రం చుట్టుపక్కల తలసీమియా ఎక్కువ. అది ప్రాణాంతకమైన జబ్బు కదా, ఆ జన్యువు ఈపాటికి తుడిచిపెట్టుకు పోవాలి. ఎందుకు పోలేదు? 1949లో అచ్చయిన వ్యాసంలో హాల్డేన్ ఒక ఊహ చెప్పాడు. చెడ్డ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, కాస్త రక్తం తక్కువగా ఉంటుందంతే. అలాంటివాళ్లని మలేరియా అంతగా బాధించదేమో, అందుకే ఆ జన్యువు నిలిచిపోయిందేమో అన్నాడు. 1954లో ఆలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ జన్యువు విషయంలో ఇలాంటిదే గట్టిగా చూపించాడు. తలసీమియా మలేరియా ఉన్న దేశాల జబ్బు అని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. నల్లమల అంచు పల్లెల్లో చలిజ్వరం ఎరగని ముసలివాళ్లెవరు? మన రక్తంలోనూ ఆ పాత జ్వరాల గుర్తులున్నాయన్నమాట. మన దేశంలో నూటికి ముగ్గురు నలుగురు ఈ జన్యువుని ఒక వైపు నుంచి మోస్తున్నారని అంచనా. వీళ్లనే క్యారియర్లు అంటారు.

ఇప్పుడు ఆ రెండో పిల్లవాడి సంగతికి వద్దాం. అదే జబ్బుండి కూడా తేలిగ్గా తిరిగే పిల్లవాడు.

పల్నాటి వాళ్లకి సాగర్ కుడికాలువ తెలియనిది కాదు. కాలువలో నీళ్లున్నంత మాత్రాన పొలం తడవదు. తూము ఎంత ఎత్తారన్నది ముఖ్యం. తూము ఎత్తేదీ దించేదీ లస్కరు. మన ఒంట్లోనూ అంతే. జన్యువు ఉండటం వేరు, అది ఎప్పుడు, ఎంత పని చేయాలన్నది వేరు. ఈ అదుపునే శాస్త్రవేత్తలు జన్యు నియంత్రణ అంటారు. ఎర్ర రక్తకణాల్లో హీమోగ్లోబిన్ తయారీకి రెండు తూములున్నాయనుకోండి. తల్లి కడుపులో ఉన్నంతకాలం గామా అనే తూము తెరిచి ఉంటుంది. పుట్టాక అది మెల్లగా మూసుకుపోయి బీటా అనే తూము తెరుచుకుంటుంది. కొన్ని నెలల్లో ఈ మార్పు పూర్తవుతుంది. బీటా తలసీమియా బిడ్డకి బీటా తూము పాడైపోయి ఉంటుంది. పుట్టినప్పుడు గామా నడుస్తోంది కాబట్టి బిడ్డ బొద్దుగానే ఉంటాడు. గామా మూతపడ్డాక అసలు కష్టం బయటపడుతుంది. ఆరో నెల దాటాక పాలిపోవడం అందుకే. తల్లి పాలకీ, దిష్టికీ సంబంధమే లేదు!

గామాని మూసే లస్కరు పేరు బీసీఎల్11ఏ. ఇది రెండో క్రోమోజోము మీదున్న జన్యువు చేసే ప్రోటీను. కొందరిలో ఈ లస్కరు కాస్త బద్ధకస్తుడు. గామా తూము పూర్తిగా మూయడు, కొంచెం కారుతూనే ఉంటుంది. బీటా పాడైన బిడ్డకి ఆ కారే నీళ్లే ప్రాణాధారం. 2007, 2008 ప్రాంతాల్లో ఈ సంగతి బయటపడింది. మలేరియాకీ తలసీమియాకీ పేరుపడ్డ ఇటలీ దీవి సార్డీనియా ప్రజల మీద చేసిన పరిశోధన కూడా అందులో ఉంది. 2013లో మరో ముడి విడింది. ఈ తేడా ఉన్నది హీమోగ్లోబిన్ జన్యువులో కాదు. లస్కరు ఒంట్లోనూ కాదు. రక్తం తయారయ్యే చోట లస్కర్లని ఎంతమందిని వేయాలో రాసిన ఆర్డరు కాగితం లాంటి చిన్న ముక్కలో ఉంది. ఒకటి రెండు అక్షరాలు మారితే లస్కర్లు తగ్గుతారు, గామా మిగులుతుంది. గామా జన్యువు ముందు భాగంలోనే ఇంకో చిన్న అక్షరం తేడా ఉంది, అది మన దేశంలో చాలామందిలో కనిపిస్తుంది. అదీ కొంత మేలు చేస్తుంది.

మన జన్యు గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. చుట్టరికం లేని ఏ ఇద్దరిని పోల్చినా వెయ్యికి ఒకటి చొప్పున తేడా ఉంటుంది, అంటే 30 లక్షలు! ఎక్కువ తేడాలు ఏ పనీ చేయవు. పనిచేసే వాటిలో చాలా భాగం జన్యువుల్ని పాడు చేయవు, తూముల్ని కాస్త ఎత్తుతాయి, కాస్త దించుతాయి. ఒకే తల్లి కడుపున పుట్టిన వాళ్లకి కూడా ఇవి వేరువేరుగా అందుతాయి. హాల్డేన్ పక్క జన్యువులని పేరు పెట్టి వెతికింది ఇలాంటివాటినే. హంటింగ్టన్ జబ్బులో ఆయన చూసిన తేడాకి వేరే కారణాలున్నాయి, కానీ ప్రశ్న ఒకటే.

ఇప్పుడు వైద్యం కూడా ఈ దారి పట్టింది. రోగి మూలకణాలు తీసి, బీసీఎల్11ఏ ఆర్డరు కాగితాన్ని చింపేసి, తిరిగి ఒంట్లో పెడతారు. గామా మళ్లీ తెరుచుకుంటుంది. 2023 నవంబరులో బ్రిటన్ దీన్ని అనుమతించింది, తర్వాత అమెరికా కూడా. అమెరికాలో ఖరీదు 22 లక్షల డాలర్లు పెట్టారు. మామూలు ఇళ్ల ఊహకి కూడా అందే ధర కాదు. అందాకా రక్తం, ఇనుము తగ్గించే మందులు, వీలైతే మూలమజ్జ మార్పిడి... ఇవే దిక్కు.

పంచె కట్టిన ప్రొఫెసరు

1957లో హాల్డేన్ లండన్ ఉద్యోగం వదిలేసి హెలెన్‌తో సహా కలకత్తా వచ్చేశాడు. మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. సూయజ్ కాలువ మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా వచ్చేశానన్నాడు. అరవయ్యేళ్లు మేజోళ్లు తొడుక్కున్నది చాలు అనీ అన్నాడు. పంచె, కుర్తా వేసుకున్నాడు. మాంసం మానేశాడు. మన పౌరసత్వం తీసుకున్నాడు. కొన్నేళ్లకి అక్కడివాళ్లతో పడక 1962లో భువనేశ్వర్ వెళ్లి, ఒరిస్సా ప్రభుత్వ సాయంతో చిన్న ప్రయోగశాల పెట్టాడు.

పిల్లలకి ఆయన చెప్పిన పాఠం ఒక్కటే. ఖరీదైన యంత్రాలు లేవని కూర్చోవద్దు, కళ్లెదురుగా ఉన్నది లెక్కపెట్టండి. పూల రేకులు, పక్షుల గూళ్లు, సీతాకోకచిలుకలు, మనుషుల పెళ్లిళ్లు. ఆయన శిష్యుల్లో పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీద పెరిగే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయా అని వంశవృక్షాలు గీసింది ఈయనే. ఆ వాదన తర్వాతి పరీక్షల్లో నిలవలేదు గానీ, చెవి వెంట్రుకలతో సైన్సు చేయొచ్చని చూపించాడు! అంతకన్నా ముఖ్యమైంది మేనరికాల మీద చేసిన పని. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రలో ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని జరుగుతున్నాయి, వాటి ఫలితాలేమిటి అని లెక్కలు తీసి 1963లో ప్రచురించాడు. అంతకు ముందు మేనమామ పెళ్లిళ్ల గురించి ఇంత శ్రద్ధగా మన దగ్గర చూసినవాళ్లు తక్కువ. మేనమామని చేసుకునే ఆచారం ప్రపంచంలో చాలా చోట్ల నిషిద్ధం కదా. అందుకే హాల్డేన్‌కి దక్షిణాది అంటే అంత ఆసక్తి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు దగ్గర బంధువునే చేసుకున్నారు. ఇక్కడ చిన్న లెక్క. ఒక అమ్మాయి తలసీమియా క్యారియర్ అనుకుందాం. బయటి సంబంధం చేస్తే అబ్బాయి కూడా క్యారియర్ అయ్యే అవకాశం సుమారు ముప్ఫైలో ఒకటి. మేనబావ అయితే ఎనిమిదిలో ఒకటికి తగ్గదు. మేనమామ అయితే నాలుగులో ఒకటికి తగ్గదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు బిడ్డ పుట్టే అవకాశం నాలుగులో ఒకటి. ఇందులో సగం తండ్రిది. తల్లి ఒక్కదాని దోషం అనేది ఈ లెక్కలో ఎక్కడా లేదు.

క్యారియరా కాదా అన్నది ఒక్క రక్త పరీక్షతో తెలిసిపోతుంది. హీమోగ్లోబిన్ ఏ2 ఎంత ఉందో చూస్తారు. మూడున్నర శాతం దాటితే అనుమానించాలి. నరసరావుపేట నుంచి గుంటూరు ఎంత దూరం గనక! అయితే ఓ మాట. ఈ పరీక్ష పెళ్లికి ముందు ఆడపిల్లకే చేయించి, క్యారియర్ అని తేలగానే సంబంధం తప్పించుకునే ఇళ్లుంటే అది పాపం. ఒక వైపే ఉంటే ఏ ప్రమాదమూ లేదు. పరీక్ష ముందు అబ్బాయికి చేయిస్తే ఏం పోయింది? ఇద్దరికీ ఉందని పెళ్లయ్యాక తెలిసినా దారి ఉంది. గర్భం పది, పన్నెండు వారాలప్పుడే బిడ్డకి జబ్బుందో లేదో చూడగలరు. జబ్బున్నవాళ్లకి బలవంతంగా సంతానం లేకుండా చేయాలనే వాదనని హాల్డేన్ ఒప్పుకోలేదు. అలా ఆపరేషన్లు చేస్తే ఇలాంటి జన్యువులు తరిగిపోవని 1930ల్లోనే లెక్క కట్టి చూపించాడు. జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం సరిగ్గా ఆ పనే చేస్తున్న రోజులవి.

తర్వాత ఆయనకి పేగు క్యాన్సర్ బయటపడింది. లండన్ ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకుని, ఆ మంచం మీదే తన జబ్బు మీద తనే హాస్య కవిత రాసి పత్రికకి పంపాడు. క్యాన్సర్ పేరెత్తడానికే భయపడే రోజుల్లో రాసింది అది. రక్తం పడుతున్నా సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లనివాళ్లని కదిలించాలన్నదే ఆయన ఉద్దేశం. బి.బి.సి. కోసం తన సంతాప ప్రసంగం కూడా తనే చెప్పి రికార్డు చేయించుకున్నాడు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. చనిపోయాక తన శరీరం చదువుకునే పిల్లలకి పనికిరావాలని వీలునామాలో రాశాడు. చేర్చాల్సిన చోటు కూడా అందులో ఉంది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల. అది మొదలై అప్పటికి ఆరేళ్లే. చిన్నప్పుడు తండ్రి గనిలో దింపిన ఒళ్లు, జీవితమంతా తనే ప్రయోగాలకి అప్పగించిన ఒళ్లు, చివరికి తెలుగు పిల్లల కోత బల్ల మీదకి చేరింది. హెలెన్ ఇంగ్లండు తిరిగి వెళ్లలేదు. తర్వాత హైదరాబాదు వచ్చి స్థిరపడింది. జంతువుల మధ్యే బతుకుతూ 1970ల చివర్లో అక్కడే కన్నుమూసింది.